కాచిన నీళ్ళు

ఆ ఏడు పత్తి పగిలే రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు ఎదురుపడితే ముందు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకునేవాళ్ళు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే. తలగుడ్డ పైకి జరిపి, మొహం ఎండకి తిప్పించి, కంటి తెలుపు తెలుపుగానే ఉందని తేలాక, "ఊఁ, బాగానే ఉన్నావులే" అని వదిలేవాళ్ళు.

మా తెరక్‌లీ ఫెర్గానా లోయలో పెద్దకాలువకి చిట్టచివర ఉంటుంది. మా పొలాలు దాటితే ఇక ఇసకే. నేను ఊరి వైద్యశాలలో నర్సుని. వైద్యశాలంటే రెండు గదులు, ఒక తెల్ల బీరువా, సూదులు మరిగించుకునే స్టవ్వు. పత్తి తీత మొదలైందంటే బడి మూసేసేవారు, పిల్లలూ పంతుళ్ళూ అందరూ పొలంలోనే. నేను మాత్రం సంచీ భుజాన వేసుకుని పొద్దున పొలానికీ, మధ్యాహ్నం ఇళ్ళకీ తిరిగేదాన్ని. కాళ్ళు పీకేసేవి. ఇంటికొస్తే కోడలి పని కోడలిదే, దాన్నెవరూ తగ్గించరు.

కామెర్లు ముందు పిల్లలకొచ్చాయి. అది మాకు కొత్త కాదు. ఏటా ఆ రోజుల్లో వచ్చేదే. పిల్లలు తిండి మానేసి, మూలుగుతూ పడుకుని, కొన్నాళ్ళకి లేచి మళ్ళీ గోడలెక్కేవాళ్ళు. అడవిగులాబీ కాయల కషాయం, కలకండ వేసిన టీ, అంతకి మించి నేను ఇచ్చేదీ లేదు. కానీ ఆ ఏడు పెద్దవాళ్ళు పడ్డారు. అందులోనూ కడుపుతో ఉన్నవాళ్ళు. చివరివీధి ఆదినా మొన్నటిదాకా వైద్యశాలకొచ్చి బరువు చూయించుకుని, "అక్కా, ఈసారి మొగపిల్లాడేనని మా అత్త పందెం" అని నవ్విపోయిన మనిషి. ఒళ్ళు పచ్చబడింది, మత్తుగా నిద్రపోయింది, లేవలేదు. కడుపులో బిడ్డ కూడా.

జిల్లా నించి వెనేరా డాక్టరమ్మ వచ్చింది. నిద్రలేక ఆవిడ కళ్ళ కింద నల్లగా చారలు. నా బల్ల మీద మోచేతులు ఆనించి టీ అడిగింది.

"పిల్లలకొచ్చేది వేరు, వీళ్ళకొచ్చేది వేరు అనుకో ఇనోబత్," అంది. "చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఇది మాత్రం కడుపుతో ఉన్నవాళ్ళని వెతుక్కుని కొడుతోంది."

"ఎక్కణ్ణించి వస్తోందమ్మా?"

"నీళ్ళ నించి, ఇంకెక్కణ్ణించి? కొండ కింద ఊళ్ళకి వెళ్ళొచ్చాను. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళలో ఒక్కరికీ లేదు. కిందికి వస్తున్న కొద్దీ ఎక్కువవుతోంది. మీ దాకా వచ్చేసరికి ఆ నీళ్ళలో ఎన్ని ఊళ్ళు కడుక్కుంటాయో నువ్వే చూసుకో." కప్పు కింద పెట్టింది. "గర్భిణీల్ని పొలం మాన్పించు. కాచిన నీళ్ళు తప్ప చుక్క తాగనివ్వకు."

"ఆ ముక్క సమష్టి క్షేత్రం చైర్మన్‌తో చెప్పండి."

"చెప్పాను. విన్నాడు. చాలా మంచి టీ పోయించాడు," అని లేచి వెళ్ళిపోయింది. ఆవిడకింకా చూడాల్సిన ఊళ్ళున్నాయి.

ఊళ్ళో ఎవరికి చెప్పినా చెప్పగలను. చిక్కంతా మా ఇంట్లోనే. మా మామ నిషోన్ పత్తి బృందానికి మేస్త్రి. ఎవరు ఏ మడి తియ్యాలో, ఎవరు ఇంటి దగ్గర ఉండాలో ఆయన చెప్పిందే. మా ఆయన అబ్దుమాలిక్ పొలానికి నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. ట్యాంకరు కాలువలోనే నింపేవాడు. ట్రాక్టర్ల షెడ్డు అవతల లోతుబావి ఉంది, నీళ్ళు ఐసులా తేటగా ఉంటాయి, కానీ అంత దూరం పోయి రావాలంటే పూట పడుతుంది.

మా తోడికోడలు సనోబర్ కూడా నెలలు నిండుతున్న మనిషే. మరిది లోచిన్ ఎక్కడో సైబీరియాలో రైలుమార్గం పనిలో ఉన్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళకి పొలంలో తేలిక పని ఇచ్చేవారు. తేలిక పనంటే వంగక్కర్లేకుండా పై కొమ్మల పత్తి తియ్యడం. దాహం మాత్రం అందరికీ ఒకటే.

ఆ సాయంత్రం ద్రాక్షపందిరి కింద పెద్ద మంచం మీద అందరం భోజనానికి కూర్చున్నాం. మా వైపు కోడలు మామతో నేరుగా మాట్లాడదు. అత్త మీదుగా మాట్లాడాలి. మనిషి ఎదురుగా కూర్చుని వింటూనే ఉంటాడు, అయినా అంతే.

"అత్తయ్యా," అన్నాను, "మామయ్యగారితో చెప్పండి, డాక్టరమ్మ గర్భిణీల్ని పొలం మాన్పించమంది. ట్యాంకరు కూడా లోతుబావిలో నింపాలట."

అత్త హోషియత్ రొట్టె తుంచుతూ, "విన్నారుగా," అంది.

మామ టీ ఊదుకున్నాడు. "దానితో చెప్పు, మా తాతలు ఈ కాలువ నీళ్ళే తాగారు."

"అత్తయ్యా, తాతలు ఎంతమంది పోయారో ఎవరు చూశారని అడగండి."

సనోబర్ తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందని అందరికీ తెలుసు. అత్త నా మాట అందించలేదు, కంటితో మందలించింది.

"సర్కారు పెట్టిన ప్లానులో సగం పత్తి కూడా కాలేదు," అన్నాడు మామ, ఈసారి ఎవరికీ కాకుండా గాలికి. "మడి మీద పత్తి తెల్లగా పరుచుకుని ఉంది. రేపో మాపో వాన పడితే బురదే. కడుపుతో ఉన్నవాళ్ళంతా ఇంట్లో కూచుంటే నా బృందంలో తీసేవాళ్ళెవరు? ఇదిగో, ఈవిడ మా లోచిన్‌ని కడుపున పెట్టుకుని చివరి రోజు దాకా తీసింది. ఏమైంది?"

అత్త చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. లోచిన్‌కి ముందు ఆవిడకి ఇద్దరు పుట్టి పోయారని నాకు తెలుసు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

గదిలోకొచ్చాక మా ఆయన్ని పట్టుకున్నాను. "మీరైనా చెప్పొచ్చు కదండీ. స్టీరింగు మీ చేతిలోనే ఉంది."

"స్టీరింగు నా చేతిలో ఉంది, పెట్రోలు నాన్న చేతిలో ఉంది," అన్నాడు. బూట్లు విప్పకుండానే పడుకున్నాడు. అలిసిపోయిన మనిషితో ఎంతసేపు వాదిస్తాం? నేనూ పడుకున్నాను.

సనోబర్‌కి మాత్రం ఇంట్లో నీళ్ళు కాచి చల్లార్చి ఓ సీసాలో పోసిచ్చేదాన్ని. సీసా ఖాళీగానే ఇంటికొచ్చేది. సంతోషించేదాన్ని. తర్వాత తెలిసింది, పక్క మడిలో పిల్లలు దాహమంటే వాళ్ళకి పోసేసి, తను ట్యాంకరు దగ్గర తాగేదట.

ఓ రోజు పొలంలో ఆదినా ఆడపడుచుకి గాయం కట్టడానికి వెళ్ళాను. సనోబర్ గట్టు మీద కూర్చుని ఉంది. నడుముకి కట్టిన పత్తిసంచి పొట్ట మీద ఇంకో పొట్టలా ఉంది.

"డాక్టరమ్మా, ఇలా రా," అని పిలిచింది. నన్ను ఏడిపించాలంటే అలాగే పిలుస్తుంది. "కవలలు. ఒకటి నీ మరిదిది, రెండోది మామగారి ప్లానుది. రెండోదే బరువెక్కువ."

"ఏం తిన్నావు పొద్దున?"

"ఏమీ లేదక్కా. పత్తిగింజల నూనె వాసనొస్తే వాంతొస్తోంది. నిన్న పలావు చూస్తేనే కడుపులో తిప్పింది. నెలలు నిండుతున్నాయిగా, అలాగే ఉంటుందేమో."

"మొహం ఇటు తిప్పు."

"అబ్బా, నువ్వూ మొదలెట్టావా..."

"తిప్పమన్నానా."

తిప్పింది. ఎండ నేరుగా కళ్ళలో పడింది. నవ్వుతున్న కళ్ళే. కంటి మూలల్లో సన్నగా, చామంతి రేకు రంగు.

నేను చూసింది నా మొహంలో తనకి కనిపించినట్టుంది. నవ్వు ఆపేసి, పొట్ట మీది పత్తిసంచి ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి రాలేదు. నేను విప్పాను.

జిల్లా కేంద్రంలో అంటురోగాల ఆసుపత్రి నిండిపోయి ఉంది. మంచాలు చాలక వరండాల్లో పరుపులు వేశారు. నాది తెల్లకోటు కాబట్టి లోపలికి రానిచ్చారు. బయటివాళ్ళకి ప్రవేశం లేదు. అత్త పెరట్లో కిటికీ దగ్గర, ఇటుకల మీద నిలబడి అద్దంలోంచి చూసేది. పొద్దున వచ్చేది, సాయంత్రం బస్సుకి పోయేది. కామెర్లని లాగేస్తుందని పసుపుపూసల దండ ఒకటి తెచ్చి, కోడలి మెడలో వెయ్యమని నా చేతికిచ్చింది. వేశాను. వెయ్యకపోవడానికి నా దగ్గర అంతకంటే మంచి మందు ఉంటే కదా.

మొదట్లో సనోబర్ బాగానే మాట్లాడింది. ఆపైన పగలంతా నిద్రపోవడం మొదలుపెట్టింది. లేస్తే ఏదో తత్తరపాటు.

"అక్కా, తందూర్ చల్లారిపోతోంది. నన్ను లేపవేం? రొట్టెలు వెయ్యొద్దా?"

"వేసేశాను. నువ్వు పడుకో."

"నువ్వు వేస్తే అంచులు మాడతాయి," అంది కళ్ళు మూసుకునే.

నొప్పులు నెల ముందే వచ్చాయి. వెనేరా డాక్టరమ్మ ఆ పూట మా వార్డులోనే ఉంది. చెయ్యగలిగిందంతా చేసింది. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. సనోబర్‌కి బిడ్డ పుట్టిన సంగతీ తెలియలేదు, పోయిన సంగతీ తెలియలేదు. అలాగే మత్తులో ఉండిపోయింది.

కిటికీ తెరిచాను. అత్త ఇటుకల మీద నిలబడే ఉంది.

"కళ్ళు తెరిచిందా?"

"లేదత్తయ్యా."

"బిడ్డ?"

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ కిటికీ చెక్కని పట్టుకుని కొంచెంసేపు కిందికి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "లోపల దీనిలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా?" అని అడిగింది.

"వరండాలో కూడా ఉన్నారు."

"అందరూ కాలువ చివరి ఊళ్ళవాళ్ళేనా?"

"అందరూను."

"సరే. బిడ్డని ఇవ్వు, తీసుకెళ్తాను. నువ్విక్కడే ఉండు." తలగుడ్డ బిగించి కట్టుకుని ఇటుకల మీంచి దిగింది. గుడ్డలో చుట్టిన ఆ చిన్న మూటని నేనే కిటికీలోంచి అందించాను. ఆవిడ దాన్ని బతికున్న బిడ్డని పట్టుకున్నట్టే, తల కింద చెయ్యి పెట్టి పట్టుకుంది.

సనోబర్‌కి తెలివి రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. నడుమ ఒకసారి బట్టలు మార్చుకోవడానికి నేను ఊరొచ్చాను. బస్సు దిగుతూనే పొలం వైపు పొగ కనిపించింది. అంత పొగ పెళ్ళిళ్ళకి తప్ప రాదు. పత్తి రోజుల్లో పెళ్ళేమిటి?

వెళ్ళి చూస్తే గట్టు మీద వరసగా పొయ్యిలు తవ్వి ఉన్నాయి. వాటి మీద ఊళ్ళోవాళ్ళు పెళ్ళిళ్ళకి వాడుకునే పెద్ద పెద్ద కాగులు. గాడిదబండి మీద పత్తికట్టె కొండలా పోసి ఉంది. మా ఇంటి పత్తికట్టె. చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండాలంటే అదే ఆధారం, కిందటేడు కోసి ఎండబెట్టి కప్పు మీద పేర్చుకున్నది. అత్త దాన్నంతా దింపించి తోలుకొచ్చేసింది. పొయ్యిల చుట్టూ కంబళ్ళు పరిచి, బృందంలో కడుపుతో ఉన్నవాళ్ళందర్నీ కూర్చోబెట్టింది. వాళ్ళు మరిగిన నీళ్ళు తోడి బిందెల్లో చల్లారబెడుతున్నారు. ట్యాంకరు పక్కన నిలబడి మా ఆయన ఎటు చూడాలో తెలియక టైర్లు చూస్తున్నాడు.

మామ గట్టు మీదికి వచ్చాడు. మనవరాల్ని ఆయనే స్వయంగా మట్టిలో పెట్టాడని మా ఆయన చెప్పాడు.

"హోషియత్," అన్నాడు, "ఇదంతా తగలేస్తే చలికాలంలో ఏం పెట్టి కాలుస్తావు?"

"మిమ్మల్ని పెట్టి కాలుస్తా," అంది అత్త, కట్టె విరిచి పొయ్యిలో తోస్తూ.

ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే దగ్గుగా మార్చేశారు.

"వీళ్ళంతా ఇక్కడ కూచుంటే పత్తి ఎవరు తీస్తారు?"

"మీరు తియ్యండి. నడుం వంగుతుందిగా. జిల్లావాళ్ళు వచ్చినప్పుడల్లా వంచుతూనే ఉన్నారు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనకి అలా నలుగురిలో ఎదురు చెప్పడం ఎవరం చూడలేదు. గొంతు పెంచలేదు కూడా. పప్పులో ఉప్పెంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. మామ నా వైపు తిరిగాడు. మొట్టమొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, నన్నే అడిగాడు.

"ఎలా ఉంది?"

"ఇంకా తెలివి రాలేదు మామయ్యా."

అప్పుడే చైర్మన్ జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఆయన దిగలేదు, తలుపు తీసి ఓ కాలు మాత్రం బయట పెట్టాడు.

"ఏంటి నిషోన్ అన్నా, పెళ్ళి పెట్టుకుని మాకు చెప్పలేదు?"

"పెళ్ళి కాదు," అన్నాడు మామ.

"మరి ఈ కాగులేంటి? ఈ కూచున్నవాళ్ళేంటి? పక్క బృందం మీకంటే ముందుకుపోయింది తెలుసా? నీ ఇంటి సంగతి విన్నాను, బాధపడ్డాను. కానీ పత్తి ఎవరి బాధకోసమూ ఆగదు కదా."

మామ తలమీది టోపీ తీసి దుమ్ము దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ పని అంత నిదానంగా చెయ్యడం చూసి నాకు భయమేసింది. ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"అబ్దుమాలిక్, ఆ ట్యాంకరులో ఉన్నది పారబోసెయ్. లోతుబావికి పో."

"పూట పడుతుంది నాన్నా."

"పడనీ."

మా ఆయన కుళాయి తిప్పాడు. నీళ్ళు పత్తిసాళ్ళలోకి బడబడా పోయాయి. చైర్మన్ కాసేపు ఆ ధార చూసి, "రేపు ఆఫీసుకి రా," అని తలుపేసుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది. మామ పొయ్యి దగ్గరికొచ్చి, కూలబడ్డట్టు కూర్చుని, అత్త విరిచిన కట్టెపుల్లలు ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే ఆయన్ని మేస్త్రి పనిలోంచి తీసేశారు. కొత్తగా వచ్చినవాడు పొయ్యిలు ఆర్పించలేదు. ధైర్యం చాల్లేదో, వాడి చెల్లెలు కూడా ఆ కంబళ్ళ మీదే కూర్చుని ఉండడం వల్లో మరి.

అంతా చక్కబడిందని చెప్పడానికి లేదు. కాచిన నీళ్ళు తాగడం మొదలెట్టాక కూడా పడ్డవాళ్ళున్నారు. ఆ రోగం ఒంట్లోకి చేరాక వారాలు దాగుంటుంది. ఇవాళ పచ్చబడిన కన్ను ఎప్పుడో తాగిన గుక్కకి. పొయ్యిల దగ్గర కూర్చున్నవాళ్ళలోనే ఒకామెని మళ్ళీ అదే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆమె బతికింది. ఆపైన మంచు పడింది, కామెర్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. చలికే తగ్గాయో, నీళ్ళకే తగ్గాయో నన్నడిగితే గట్టిగా చెప్పలేను. అప్పటికి నాకు ఆలోచించే ఓపిక కూడా లేదు. వైద్యశాలలో కుర్చీలోనే కూర్చుని నిద్రపోయేదాన్ని.

సనోబర్‌కి తెలివొచ్చాక బిడ్డ సంగతి నేనే చెప్పాను. గోడకి తిరిగి పడుకుంది. ఆసుపత్రి నించి పంపించే రోజున మేం బండి తీసుకెళ్ళేసరికి వాళ్ళమ్మ కుమ్రి ముందే వచ్చి బట్టలు మూటగట్టేసింది. వాళ్ళది కొండ కింద ఊరు, కాలువ పుట్టే చోటు. "మా ఊళ్ళో ఈ రోగమే లేదు," అంది నా మొహం మీద. "మీ ఇంటికిచ్చాకే దీనికి అంటింది. ఇక చాలు." సనోబర్ నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలి, తల్లి వెనకాల వెళ్ళిపోయింది. మరిదికి తంతి ఇచ్చాం. మంచు కరిగేదాకా దారులు తెరుచుకోవని జవాబొచ్చింది.

ఆ చలికాలం మా ఇంట్లో కాల్చుకోవడానికి ఏమీ లేదు. ఇరుగుపొరుగు తలా ఓ మోపు తెచ్చి పడేశారు. అది ఒక్క గదికి సరిపోయేది. అందరం ఆ గదిలోనే తిని, ఆ గదిలోనే పడుకునేవాళ్ళం. ఓ ఉదయం మామ కొత్త చొక్కా వేసుకుని వచ్చి, అత్తతో, "ఇనోబత్‌ని తయారవమను. కొండ కింద ఊరికి పోయొస్తాం," అన్నాడు.

"తీసుకొస్తారా?" అంది అత్త.

"రమ్మనే మొహం నాకెక్కడిది?"

బస్సు దిగి నడుస్తుంటే వంతెన వచ్చింది. మామ ఆగాడు. కింద సన్నగా, వేగంగా నీళ్ళు పారుతున్నాయి. అడుగున గులకరాళ్ళు రంగురంగులుగా కనిపిస్తున్నాయి.

"ఇదేం వాగు?" అన్నాడు.

"మన కాలువే మామయ్యా."

ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నాకు కాళ్ళు గడ్డకట్టిపోతున్నాయి, కానీ పోదాం పదండి అనలేకపోయాను.

కుమ్రి తలుపు తీసి, పక్కకి జరగకుండా గుమ్మంలోనే నిలబడింది. "రండి మేస్త్రిగారూ. పత్తంతా అయిపోయినట్టుంది, ఇప్పటికి మా దారి కనబడింది."

"మేస్త్రిని కాదు చెల్లెమ్మా. తీసేశారు."

"అయితే ఇంట్లో పనికి చేతులు తక్కువయ్యాయా అన్నయ్యగారూ?"

"తీసుకెళ్ళడానికి రాలేదు. పిల్లతో ఓ మాట చెప్పి పోతాను. నువ్వు ఇక్కడే చెప్పమంటే ఇక్కడే చెప్తాను."

ఆవిడ కాసేపు చూసి పక్కకి జరిగింది.

సనోబర్ చిక్కిపోయింది. జడ సన్నబడింది. టీ తెచ్చి మామ ముందు పెట్టి, తల వంచుకుని, తలుపు దగ్గర నిలబడింది. ఆయన కప్పు ముట్టుకోలేదు.

"కాలువ నీళ్ళు తెమ్మన్నది నేనే," అన్నాడు నేరుగా ఆమెతోనే. "మీ అక్క చెప్పింది. వినపడలేదని కాదు. విని కూడా తెమ్మన్నాను. పూట పోతుందని."

కుమ్రి ఏదో అనడానికి నోరు తెరిచింది. సనోబర్ చెయ్యెత్తి తల్లిని ఆపింది. గదిలో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడొక్కటే.

"పేరు పెట్టారా మామయ్యా?" అని అడిగింది.

"పెట్టాను. మట్టిలో పెట్టే ముందు పెట్టాను."

"ఏమని?"

"జిలోలా అని."

మావాళ్ళు తేటనీటికి వాడే మాట అది. సనోబర్ పెదాలు కదిలాయి. ఒకసారి లోపల్లోపల, రెండోసారి పైకి అనుకుంది. అక్కడే కింద కూర్చుండిపోయి ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపంతా ఏడ్చింది. కుమ్రి ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. మామ నేల చూస్తూ కూర్చున్నాడు, ఆయన గడ్డం తడిసిపోయింది, తుడుచుకోలేదు.

ఏడుపు ఆగాక సనోబర్ లేచి, చల్లారిపోయిన కప్పు తీసుకెళ్ళి పారబోసి, వేడిది పోసి తెచ్చింది. ఈసారి ఆయన చేతికే ఇచ్చింది. "తాగండి," అంది. అంతే. వస్తాననలేదు, రాననలేదు. మంచు కరిగాక లోచిన్ వెళ్ళి ఆమెని తీసుకొచ్చాడు గానీ, వాళ్ళు మా పెరటి అవతల విడిగా రెండు గదులు వేసుకున్నారు. ఆ వాకిలి వేరు, ఆ పొయ్యి వేరు. ఎవరూ తప్పు పట్టలేదు.

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కూర్చుని, అద్దం మీద పట్టిన ఆవిరిని చేత్తో తుడుస్తూ వచ్చాడు. నేను కునుకు తీస్తున్నాను. ఆయన గొంతు వినపడి ఉలిక్కిపడ్డాను.

"పత్తి అయిపోయింది. ఇప్పుడేం వస్తుంది?"

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "ఇప్పుడు పిల్లలకి దగ్గులొస్తాయి మామయ్యా. కిటికీలు మూసుకుని అందరం ఒకే గదిలో పడుకుంటాంగా. ఒకరికొస్తే వరసగా అందరికీ."

"ఆపైన?"

"గొర్రెలు ఈనే రోజుల్లో, వచ్చి పోయి వచ్చి పోయి ఉండే జ్వరం. కీళ్ళు పట్టేస్తాయి. పచ్చిపాలు తాగేవాళ్ళకి, గొర్రెలకి పురుడు పోసేవాళ్ళకి ఎక్కువ. కొండ పక్క ఊళ్ళలో మనకంటే ఎక్కువ."

"అది నాకొచ్చింది, కుర్రతనంలో. దిష్టి తగిలిందన్నారు." మళ్ళీ అద్దం తుడిచాడు. "ఆపైన?"

"గడ్డి పచ్చబడ్డాక పిడుదులు. మనవైపు తక్కువ, ఎడారి దిక్కున ఎక్కువ. అవి కుట్టి వచ్చే జ్వరానికి ముక్కుల్లోంచి రక్తం పోతుంది. ఆపైన ఖుబానీలు పండే రోజుల్లో విరేచనాలు. ఈగలూ అప్పుడే."

"ఆపైన?"

"ఆపైన మళ్ళీ పత్తి, మామయ్యా."

ఆయన తల ఊపాడు. బస్సు గోతిలో పడి లేచింది. ఎదురు సీటు పట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు.

"మొదటినించి మళ్ళీ చెప్పు," అన్నాడు. "మెల్లిగా."

చెప్పాను.